అమ్మ మరిచిపోయినా అల్లాహ్ మరువడు

వర్ని ప్రాంతం నిజాంసాగర్ కాలువ నీళ్ళతో వరి పండే నేల. ఇక్కడి ఎన్నో ముస్లిం ఇళ్ళలో మగపిల్లలు బతుకుదెరువు కోసం గల్ఫ్ దేశాలకు వెళ్ళారు. ఇంటి దగ్గర వృద్ధ తల్లిదండ్రులు, కోడళ్ళు, చిన్న పిల్లలు ఉంటారు. అలాంటి ఒక ఇంటిని మనం ఒక్క క్షణం కళ్ళ ముందుకు తెచ్చుకుందాం.

మగ్రిబ్ వేళ దగ్గర పడుతుంది. డెబ్బై అయిదేళ్ళ తల్లి గడపలో నిలబడి బాట వైపు చూస్తూ ఉంటుంది. "బండి ఇంకా రాలేదా?" అని అడుగుతుంది. ఒకప్పుడు ఆమె భర్త ఎడ్లబండి మీద బోధన్ చక్కెర ఫ్యాక్టరీకి చెరకు తోలి, పొద్దుగూకాక ఇంటికి వచ్చేవాడు. ఆ భర్త కన్నుమూసి చాలా ఏళ్ళయింది. ఆ ఫ్యాక్టరీ కూడా 2015 డిసెంబరులో మూతపడింది. ఆమె ఎదురుచూపు మాత్రం ఆగలేదు. కోడలు వచ్చి "లోపలికి రండి అమ్మీ" అని చెయ్యి పట్టుకుంటుంది. ఆమె ఆ ముఖంలోకి పరీక్షగా చూసి, "నువ్వెవరి బిడ్డవమ్మా?" అంటుంది. పద్దెనిమిదేళ్ళుగా ఆ ఇంట్లో ఉన్న కోడలు అది!

ఆ రాత్రి పక్క బట్టలు మార్చి, అత్తగారిని శుభ్రం చేసి, పడుకోబెట్టాక ఆ కోడలి మనసులో ఒక ప్రశ్న మెదులుతుంది. నేనెవరో ఈమెకు తెలియదు. నేను చేసింది రేపటికి ఈమెకు గుర్తుండదు. దూరాన ఉన్నవారు చూడరు. మరి ఇదంతా ఎవరి కోసం?

ఇది చిన్న ప్రశ్న కాదు. దీన్ని "సబ్ర్ చెయ్యమ్మా" అన్న ఒక్క మాటతో దాటవేయడం న్యాయం కూడా కాదు. ధర్మం దీనికి ఏం చెబుతుందో కాస్త నిదానంగా ఆలోచిద్దాం.

ముందుగా, ఇది జబ్బు

ఈ స్థితిని వైద్యులు డిమెన్షియా అంటారు. మన భాషలో మతిమరుపు వ్యాధి అంటున్నాం. కాని తాళంచెవి ఎక్కడ పెట్టామో మరచిపోవడం వేరు, తాళంచెవి దేనికి వాడతారో తెలియకపోవడం వేరు. ఇది రెండవ రకం. మెదడులోని కణాలు క్రమంగా దెబ్బతినడం వల్ల జ్ఞాపకం, మాట, దారి, వేళ, చివరకు అన్నం నమిలి మింగడం కూడా చేజారిపోతాయి. అల్జీమర్స్ వ్యాధి దీనికి అన్నిటికన్నా సాధారణ కారణం. 1906లో జర్మన్ వైద్యుడు అలోయిస్ అల్జీమర్ దీన్ని మొదటిసారి వివరించాడు. మెదడుకు రక్తప్రసరణ తగ్గడం వల్ల కూడా ఇది రావచ్చు. అందుకే బీపీ, షుగరు అదుపులో ఉంచుకోవాలి.

మన దేశంలో జరిగిన ఒక పెద్ద అధ్యయనం ఫలితాలు 2023లో వెలువడ్డాయి. 60 ఏళ్ళు దాటినవారిలో 7.4 శాతం మందికి, అంటే దాదాపు 88 లక్షల మందికి ఈ జబ్బు ఉందని అది అంచనా వేసింది. పురుషులకన్నా స్త్రీలలో, పట్టణాలకన్నా పల్లెల్లో ఎక్కువని కూడా తేల్చింది. అంటే ఇది ఎక్కడో నగరాల సంగతి కాదు, మన ఊరి సంగతి. మన ఇళ్ళకు సంబంధించిన మరో విషయం కూడా ఉంది. హైదరాబాద్ నిమ్స్ ఆస్పత్రిలో 648 మంది రోగులను పరిశీలించి 2013లో ప్రచురించిన అధ్యయనంలో, రెండు భాషలు మాట్లాడేవారికి ఈ జబ్బు సగటున నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా వచ్చినట్లు తేలింది. ఇంట్లో దక్కనీ, బజారులో తెలుగు మాట్లాడే మనకు ఇది అల్లాహ్ ఇచ్చిన ఒక వరమే. అయితే ఆలస్యంగా రావడమంటే అసలు రాకపోవడం కాదు.

పొద్దు గూకే వేళ ఇలాంటి రోగుల్లో ఆందోళన, కంగారు పెరగడం వైద్యులకు తెలిసిన లక్షణమే. మన ఇళ్ళల్లో మాత్రం "మగ్రిబ్ వేళకే ఇలా అవుతోంది, ఏదో సాయా పడింది" అని తాయెత్తుల వెంట, తాంత్రికుల వెంట తిరిగి నెలలు పోగొట్టుకుంటాం. జిన్నుల ఉనికిని మనం విశ్వసిస్తాం. కాని ప్రతి జబ్బునూ వారి మీద వేయమని మన ధర్మం చెప్పలేదు, వైద్యం చేయించుకోమనే చెప్పింది. పైగా బి12 విటమిన్ లోపం, థైరాయిడ్ సమస్య, మనోవ్యాకులత కూడా మతిమరుపులా కనిపించవచ్చు. వాటికి మందులున్నాయి. నిన్నటిదాకా బాగున్న మనిషి ఉన్నట్టుండి అయోమయంగా మాట్లాడితే అది మూత్రంలో ఇన్ఫెక్షన్ కావచ్చు. అందుకే నిజామాబాద్‌లోని ప్రభుత్వ ఆస్పత్రికో, మంచి వైద్యుని దగ్గరకో ముందుగా తీసుకువెళ్ళాలి. దుఆ చేద్దాం, ఖుర్ఆన్ పారాయణం చేసి ఊదుదాం. వైద్యాన్ని మాత్రం ఆపవద్దు.

గుర్తింపు పోతే హక్కు పోతుందా?

ఇప్పుడు ఆ కోడలి ప్రశ్నకు వద్దాం. మనుషుల మధ్య హక్కులు, బాధ్యతలు సాధారణంగా ఇచ్చిపుచ్చుకోవడం మీద నడుస్తాయి. నేను చేసిన మేలు నీకు తెలుస్తుంది, నీ సంతోషం నాకు కనిపిస్తుంది. అవతలివైపు ఈ ఎరుక ఆరిపోయినప్పుడు బాధ్యత కూడా ఆరిపోతుందా?

దివ్యఖుర్ఆన్ బనీ ఇస్రాయీల్ సూరా 23, 24 ఆయతులను గమనించండి. అల్లాహ్ తన ఆరాధన వెంటనే తల్లిదండ్రుల పట్ల ఉత్తమ వ్యవహారాన్ని ఆదేశించాడు. వారిలో ఒకరు గాని, ఇద్దరూ గాని నీ దగ్గర వృద్ధాప్యానికి చేరుకుంటే వారిని "ఉఫ్" అని కూడా అనవద్దని, కసురుకోవద్దని, గౌరవంగా మాట్లాడమని, దయతో వినయపు రెక్కలు వారి ముందు వంచమని చెప్పాడు. వారు నిన్ను గుర్తుపడితేనే అన్న షరతు అక్కడ లేదు. వారు కృతజ్ఞత చూపితేనే అన్న మాటా లేదు. పైగా అల్లాహ్ ప్రత్యేకంగా ఎత్తి చెప్పింది వృద్ధాప్యాన్నే. తల్లి వండి పెడుతున్నప్పుడు, తండ్రి సంపాదించి తెస్తున్నప్పుడు గౌరవించడం తేలిక. మన ప్రేమకు గీటురాయి వారు మనకేమీ ఇవ్వలేని రోజు.

ఆ రోజు ఎలా ఉంటుందో కూడా సృష్టికర్త మనకు దాచలేదు. అల్ హజ్ సూరా 5వ ఆయతులోను, అన్ నహ్ల్ సూరా 70వ ఆయతులోను, మనుషుల్లో కొందరు అన్నీ తెలిసిన తరువాత ఏమీ తెలియని స్థితికి, మిక్కిలి బలహీనమైన వయసుకు మళ్ళించబడతారని తెలియజేశాడు. అలాంటి వయసు నుంచి దైవప్రవక్త (స) అల్లాహ్ శరణు వేడుకునేవారని సహీహ్ బుఖారీలో ఉంది. కాబట్టి ఈ స్థితి సిగ్గుపడి దాచుకోవలసిన మచ్చ కాదు. ఫలానా పాపానికి శిక్ష అని ఎవరి మీదా ముద్ర వేయడానికి మనకు హక్కు లేదు. మన కోసం కూడా మనం శరణు వేడుకోవలసిన బలహీనత ఇది. మన ఇంట్లో ఉన్నది రేపటి మనమే కావచ్చు.

మనిషి గౌరవం అతని జ్ఞాపకశక్తిలో లేదు. పసిబిడ్డకు మనమెవరో తెలియదు. అయినా బిడ్డ మీద మన ప్రేమ తగ్గదు. ఆదం సంతతికి గౌరవం ఇచ్చినవాడు అల్లాహ్. తెలివి తగ్గినంత మాత్రాన ఆ గౌరవాన్ని తగ్గించే అధికారం మనకు లేదు.

ఆమె మరిచిన నమాజు

అలాంటి ఇళ్ళల్లో ఎక్కువగా కలచివేసే విషయం నమాజు. అరవై ఏళ్ళపాటు వేళ తప్పని తల్లి ఇప్పుడు జొహ్ర్ చేసి మళ్ళీ జొహ్ర్‌కు నిలబడుతుంది. సజ్దాలో ఉండి లేవడం మరచిపోతుంది. కొన్నాళ్ళకు వుజూ అంటే ఏమిటో తెలియదు. "అమ్మీ నమాజు పోతోంది, ఆమె పరలోకం ఏమవుతుంది?" అని పిల్లలు కుమిలిపోతారు.

కలం ముగ్గురి మీద ఎత్తివేయబడిందని దైవప్రవక్త (స) బోధించారు. నిద్రలో ఉన్నవారు మేల్కొనే వరకు, పిల్లలు యుక్తవయసుకు వచ్చే వరకు, తెలివి తప్పినవారు తెలివిలోకి వచ్చే వరకు. తెలివి పూర్తిగా పోయినవారిపై నమాజు, ఉపవాసం విధి కావు. తెలివి ఉండి శక్తి లేని వృద్ధుల సంగతి వేరు. వారు ఉపవాసానికి బదులు ఫిద్యా ఇస్తారు. తెలివి కొన్నాళ్ళు ఉండి కొన్నాళ్ళు పోతూ ఉంటే మీ దగ్గరి ఆలిమ్‌ను అడిగి తెలుసుకోండి. బలవంతంగా నిలబెట్టి రకాత్‌లు లెక్కపెట్టించి ఆమెను భయపెట్టవద్దు.

ఇంతకన్నా పెద్ద ఊరట మరొకటి ఉంది. దాసుడు జబ్బుపడినా, ప్రయాణంలో ఉన్నా, ఆరోగ్యంగా ఇంటి దగ్గర ఉన్నప్పుడు చేస్తూ వచ్చిన సత్కార్యాల ప్రతిఫలం అతనికి రాయబడుతూనే ఉంటుందన్న శుభవార్త అబూ మూసా (రజి) ఉల్లేఖనంగా సహీహ్ బుఖారీలో ఉంది. ఒక్కసారి ఆలోచించండి. ఆ తల్లి గడపలో నిలబడి రాని బండి కోసం చూస్తున్న ఆ సాయంత్రం కూడా, అరవై ఏళ్ళు ఆమె విడవకుండా చేసిన మగ్రిబ్ ప్రతిఫలం ఆమె ఖాతాలో చేరుతోందని మనం ఆశించవచ్చు. ఆమె మరిచిపోయింది. ఆమె ప్రభువు మరువడు. తన ప్రభువు పొరపాటు పడడు, మరువడు అని మూసా (అలైహి) ఫిరౌన్ ముందు ప్రకటించిన మాట తాహా సూరా 52వ ఆయతులో ఉంది.

కోడలి ప్రశ్నకు జవాబు కూడా ఇక్కడే ఉంది. అమ్మీకి నువ్వు గుర్తులేవు. నువ్వు మార్చిన పక్క, తినిపించిన ముద్ద, దువ్విన జుట్టు ఆమెకు గుర్తుండవు. కాని ఇవి రాసుకునేవాడు మరిచేవాడు కాడు. మనుషులు చూస్తారని, పొగుడుతారని చేసే పనిలో రియా కలిసే ప్రమాదం ఉంది. చూసే కన్ను, మెచ్చే నోరు లేని గదిలో చేసిన సేవలో అది చొరబడటానికి చోటే తక్కువ. అందుకే ఇది కేవలం అల్లాహ్ కోసం చేసిన సేవ కావడానికి అన్నిటికన్నా దగ్గరగా ఉంటుంది.

నిజం చెప్పాలా, దాటవేయాలా?

"బండి ఇంకా రాలేదా?" అని ఆమె రోజూ అడుగుతుంది. మనం రోజూ "ఆయన చనిపోయారు కదా" అంటే, ఆమె ఆ కబురు రోజూ మొదటిసారి విన్నట్టే విని ఏడుస్తుంది. "వస్తున్నాడు" అంటే అది అబద్ధం. విశ్వాసి ఏం చేయాలి?

ఉమ్మె సులైమ్ (రజి) గాథ మనకు దారి చూపుతుంది. ఆమె కుమారుడు చనిపోయిన రాత్రి భర్త అబూ తల్హా (రజి) ఇంటికి వచ్చి బాబు ఎలా ఉన్నాడని అడిగారు. మునుపటికన్నా నెమ్మదిగా ఉన్నాడన్న అర్థంలో ఆమె జవాబిచ్చారు. మాటలో అబద్ధం లేదు. అలసి వచ్చిన భర్త గుండెను ఆ క్షణంలోనే గాయపరచనూ లేదు. తరువాత అసలు విషయం తెలిపారు. దైవప్రవక్త (స) ఆ దంపతుల కోసం శుభాన్ని వేడుకున్నారు.

మనమూ అలాగే మాట్లాడవచ్చు. "అబ్బా గుర్తొచ్చారా అమ్మీ? చెరకు తోలిన రోజుల సంగతి చెప్పండి. రండి, ఆయన కోసం దుఆ చేద్దాం" అనవచ్చు. ఇందులో ఒక్క అబద్ధం లేదు. ఆమె అడుగుతున్నది నిజానికి బండి గురించి కాదు. తన మనిషి, తన ఇల్లు తనకు కావాలని అడుగుతోంది. ఆ భయానికి జవాబివ్వండి. వాదన పెట్టుకుని గెలవవద్దు. కొత్త సంగతులు నిలవకపోయినా చిన్ననాటివి చాలాకాలం మిగులుతాయి. మన పేరు చెప్పలేని తల్లి, మనం అల్ ఫాతిహా మొదలుపెడితే వెంట పెదవులు కదపవచ్చు. ఆ తలుపును మూయకండి.

నిజాయితీకి ఇంకో పరీక్ష కూడా ఉంది. తెలివి లేని తల్లి చేత పొలం కాగితాల మీద వేలిముద్ర వేయించుకోవడం దౌర్జన్యం. వ్యవహారం చెప్పలేని బలహీనుని తరఫున అతని సంరక్షకుడు న్యాయంగా చెప్పి రాయించాలని అల్ బఖర సూరా 282వ ఆయతు ఆదేశిస్తుంది. ఆమె ఆస్తి మన చేతిలో అమానత్.

అలసట పాపం కాదు

ఇంట్లో సేవ చేసేవారిని లోలోపల తినేసేది అపరాధ భావం. "నిన్న రాత్రి నాలుగోసారి లేపినప్పుడు గట్టిగా కసిరాను. అల్లాహ్ నన్ను క్షమిస్తాడా?" అని ఏడ్చే బిడ్డలున్నారు.

ఒక సంగతి స్పష్టంగా చెప్పుకుందాం. అలసిపోవడం వేరు, "ఉఫ్" అనడం వేరు. దుఃఖం సహనానికి వ్యతిరేకం కాదు. కొడుకు కోసం యాఖూబ్ (అలైహి) కళ్ళు దుఃఖంతో తెల్లబారాయి. అయినా ఆయన చేసింది అందమైన సహనమే, ఎందుకంటే తన బాధను అల్లాహ్‌కే మొరపెట్టుకున్నారు. నోరు జారితే తౌబా చేయండి, వెళ్ళి తల్లి నుదుటిని ముద్దాడండి. ఆ కసురు ఆమెకు గుర్తుండకపోవచ్చు, కాని మెత్తని స్పర్శ ఇచ్చిన నెమ్మది మాట మరిచాక కూడా మిగులుతుంది. బనీ ఇస్రాయీల్ సూరాలో ఈ ఆజ్ఞల వెంటనే 25వ ఆయతులో, మీ మనసుల్లో ఏముందో మీ ప్రభువుకు తెలుసని, మీరు సజ్జనులైతే మరలివచ్చేవారిని ఆయన క్షమిస్తాడని హామీ ఉంది. ఆ హామీ అక్కడే ఉండటం ఊరికే కాదు.

కోపం వస్తున్నట్టు తెలిస్తే ఆమె క్షేమంగా ఉందని చూసుకుని రెండు నిమిషాలు బయటికి రండి, వుజూ చేయండి. నిద్రపోయే హక్కు మీకుంది. నీ ప్రభువుకు, నీ శరీరానికి, నీ ఇంటివారికి నీపై హక్కు ఉంది, ఎవరి హక్కు వారికి ఇవ్వమని సల్మాన్ (రజి) అబూ దర్దా (రజి)కు చెప్పగా దైవప్రవక్త (స) ఆ మాట నిజమన్నారు. రాత్రంతా ఆరాధించే సహాబీకే విశ్రాంతి అవసరమైతే, రాత్రంతా రోగిని కాచే ఇల్లాలికి అవసరం కాదా?

ఇది ఒక్కరి భారం కాదు

సేవ చేసేవారికి బోధించడం సులువు. మిగిలిన మనకు ఈ ధర్మం ఏం చెబుతోంది?

డిమెన్షియా రోగుల సంరక్షణకు పట్టే గంటల్లో 70 శాతం స్త్రీలే మోస్తున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మన ఇళ్ళల్లో అది చాలావరకు ఒక్క కోడలో, పెళ్ళికాని కూతురో. షరీఅత్ ప్రకారం తల్లిదండ్రుల సేవ ముందుగా కన్నబిడ్డల విధి. కోడలు చేసేది ఆమె ఔదార్యం. దాన్ని హక్కుగా వసూలు చేస్తూ, గల్ఫ్ నుంచి ఫోన్లో లోపాలు ఎంచే కొడుకు తన విధిని తానే నెరవేర్చినట్టు అనుకోకూడదు. అతను పంపే డబ్బు విలువైనదే. దానితోపాటు భార్యకు రోజూ ఒక మంచి మాట, "నా తల్లికి నువ్వు చేస్తున్నది నా మీద నీ రుణం" అన్న ఒప్పుకోలు, సెలవు మీద వచ్చినప్పుడు రాత్రి కాపలా తన మీద వేసుకోవడం అతని బాధ్యత. 2007లో వచ్చిన తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం పిల్లల చేత నెలనెలా డబ్బు ఇప్పించగలదు. రాత్రి రెండు గంటలకు పక్కన కూర్చోబెట్టలేదు. అది అల్లాహ్ భయం మాత్రమే చేయించగలదు.

మూసా (అలైహి) అంతటి ప్రవక్త బాధ్యత మీద పడగానే అడిగినదేమిటి? తన కుటుంబం నుంచే తన సోదరుడు హారూన్‌ను సహాయకుడిగా ఇచ్చి, తన పనిలో భాగస్వామిని చేయమని వేడుకున్నారు. సాయం అడగడం విశ్వాసంలో లోపం కాదని దీని అర్థం. ఆయనే మద్‌యన్ బావి దగ్గర పశువులను ఆపుకుని నిలబడిన ఇద్దరు ఆడపిల్లలను చూశారు. మా తండ్రి బాగా ముసలివాడు అని వారు చెప్పుకున్నారు. ఆయన వారికి సబ్ర్ గురించి ఉపన్యాసం ఇవ్వలేదు. నీళ్ళు తోడి పశువులకు తాగించి, నీడకు వెళ్ళి కూర్చున్నారు.

మనం చేయవలసిందీ అదే. చెల్లెలు వారానికి ఒక రోజు వచ్చి తల్లి దగ్గర ఉంటే వదిన తన పుట్టింటికి వెళ్ళివస్తుంది. పక్కింటివారు మగ్రిబ్ వేళ ఒక గంట వచ్చి కూర్చోవచ్చు. జుమా రోజున ఆ ఇంటికి ఒక పూట అన్నం పంపవచ్చు. రోగి దారి తప్పి తిరిగితే ఎవరింటి మనిషో ఊరందరికీ తెలిసి ఉండాలి. జేబులో పేరు, ఫోన్ నంబరు రాసిన చీటీ పెట్టండి, రాత్రి చిన్న దీపం ఉంచండి, గ్యాసు పొయ్యి దగ్గర ఒంటరిగా వదలకండి, రోజూ ఒకే వేళకు ఒకే పని జరిగేలా చూడండి. సలహా కోసం వయోవృద్ధుల సహాయ నంబరు 14567 ఉంది. సేవ చేసేవారి మనసు కుంగిపోతే 14416కు ఫోన్ చేసి మాట్లాడవచ్చు. 1992లో ఏర్పడిన అల్జీమర్స్ సొసైటీకి హైదరాబాద్‌లో శాఖ ఉంది.

మక్కా విజయం రోజున అబూబక్ర్ (రజి) చూపు పోయిన తన వృద్ధ తండ్రిని చెయ్యి పట్టుకుని తీసుకువచ్చారు. ఆ పెద్దాయనను ఇంట్లోనే ఉండనిస్తే నేనే ఆయన దగ్గరకు వచ్చేవాడిని కదా అన్న భావంతో దైవప్రవక్త (స) మాట్లాడారు. అంతటి విజయం రోజున, అంతటి నాయకుడు! మనం మాత్రం నాలుగు ఇళ్ళ అవతల ఉన్న ముసలమ్మను చూడటానికి "గుర్తుపట్టదు కదా, వెళ్ళి ఏం లాభం" అంటాం. ఆమె గుర్తుపట్టకపోయినా, ఆమె ఎవరో మనకు తెలుసు కదా. అంతే చాలు.

ఓ అల్లాహ్! మా వృద్ధుల మీద దయ చూపు, మా చిన్నతనంలో వారు మా మీద చూపినట్టు. వారి సేవలో రాత్రులు మేల్కొంటున్న చేతులకు బలాన్ని, మనసులకు నెమ్మదిని ప్రసాదించు. వారి భారాన్ని పంచుకునే భాగ్యం మాకు కలిగించు. మిక్కిలి బలహీనమైన వయసు నుంచి మమ్మల్ని కాపాడు, అది మాకు రాసిపెట్టి ఉంటే మా చెయ్యి పట్టుకునే మంచి మనుషులను మా దగ్గర ఉంచు. ఆమీన్.